నేల పదునుగా ఉందండి

2022 ఫిబ్రవరిలో బాపట్ల ఊరి బయట మోటారు సైకిళ్ళ మట్టి పందెం జరిగింది. వరి కోసేశాక ఖాళీగా వదిలేసిన ఆరేడు ఎకరాల చేలో గుంజలు పాతి, రిబ్బన్లు కట్టి, ట్రాక్టరుతో దిబ్బలూ వంపులూ తీర్చి ట్రాక్ తయారు చేశారు. ఆ పందేనికి నేను ఒక రైడర్ తరఫున మెకానిక్‌గా వెళ్ళాను. తెనాలిలో నాకు టూవీలర్ షాపు ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ఎన్ని ఇంజన్లు విప్పి బిగించానో గుర్తు లేదు గానీ, ఆ రోజు ఒక ముందు టైరులో నేను కొట్టిన గాలి, కాసేపటికి నా చేత్తోనే తీసేసిన గాలి మాత్రం ఇప్పటికీ మరుపుకు రావడం లేదు. ఈ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను.

నేను పుట్టిందీ పెరిగిందీ తెనాలి బజార్లో. మా నాన్న టైలరు. మా ఇంట్లో పొలం గట్టు తొక్కినవాళ్ళు లేరు. పదో తరగతి తర్వాత మెకానిక్ పని నేర్చుకుని, చెన్నై వెళ్ళి, అక్కడ తారు ట్రాక్ మీద పందేలు ఆడే ఒక టీమ్‌లో ఆరేళ్ళు పనిచేశాను. తిరిగొచ్చి షాపు పెట్టుకున్నప్పుడు బోర్డు మీద నా పేరు కంటే పెద్ద అక్షరాలతో ‘రేస్ ట్యూనింగ్’ అని రాయించాను. తెనాలిలో రేస్ ట్యూనింగ్ ఎవరికి కావాలి? వచ్చేవన్నీ క్లచ్ ప్లేట్లు అరిగిన పాల బండ్లూ, సైలెన్సర్ ఊడిన కాలేజీ బండ్లూ. అయినా రోజూ షట్టర్ ఎత్తేటప్పుడు ఆ బోర్డు వైపు ఒకసారి చూసుకుని మురిసిపోయేవాడిని. మట్టి పందేలంటే నాకు చిన్నచూపు. దుమ్ములో దొర్లేవాళ్ళకు మెకానిక్ ఎందుకు, కట్టు కట్టే డాక్టరు చాలు అని వేళాకోళం చేసేవాడిని.

తెలియని వాళ్ళ కోసం ఆ రెండింటికీ తేడా చెబుతాను. తారు ట్రాక్ మీద నేల మారదు. పొద్దున ఎంత పట్టు ఉందో సాయంత్రం దాదాపు అంతే ఉంటుంది. అందుకని మా పనంతా బండిలోనే. నున్నటి టైరు వేసి, వేడెక్కాక ఆ రబ్బరు రోడ్డును కరుచుకునేలా చూస్తాం. రైడర్ వంపులో ఒంటిని లోపలి వైపుకు వేలాడేసి మోకాలు నేలకు ఆనిస్తాడు. వేగం తగ్గించడానికి ముందు బ్రేకే ఆధారం. ప్రతి ల్యాప్‌లోనూ అదే గీత మీద పోయేవాడే అక్కడ మొనగాడు.

మట్టిలో ఇదంతా తలకిందులు. ముందు పోయిన బండి నేలను మార్చేసి పోతుంది. మొదటి ల్యాప్‌లో చదునుగా ఉన్న చోట మూడో ల్యాప్‌కు గాడి పడుతుంది. రైడర్ బండిని లోపలికి వంచి తాను మాత్రం నిటారుగా కూర్చుంటాడు, లోపలి కాలు ముందుకు చాపుతాడు. వెనక చక్రం జారడం అక్కడ తప్పు కాదు, ఆ జారుడుతోనే వంపు తిరుగుతారు. బండి వాలి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టారో, ఇక అంతే సంగతులు. వేసేది నాబీ టైరు, అంటే మట్టిలో దిగబడి పట్టుకోవడానికి రబ్బరు ముడులున్న టైరు. అందులో గాలి తక్కువ ఉండాలి. గాలి ఒత్తిడిని పీఎస్ఐలో కొలుస్తారు, మా షాపుల్లో పాయింట్లంటాం. తారు మీద ముప్పై దాకా కొట్టేవాళ్ళం. మెత్తటి మట్టికి పన్నెండో పధ్నాలుగో చాలు. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని నేలను పట్టుకుంటుంది. రాళ్ళున్న చోట మాత్రం కాస్త పెంచాలి. లేకపోతే రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది.

ఇవన్నీ నాకు తెలుసు. పరీక్షలో అడిగితే తప్పు లేకుండా రాసేవాడిని.

నేను బాపట్ల వెళ్ళింది కరుణ కోసం. వాళ్ళది కొలకలూరు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. వాళ్ళ నాన్న యేసురత్నం గారు కిరాయికి ట్రాక్టరు తోలతారు. కరుణ డిగ్రీ చదువుతుండగానే ట్రాక్టరు నేర్చుకుని, దుక్కి దున్నడం నుంచి ధాన్యం తోలడం దాకా నాన్నతో సమానంగా చేసేది. మోకాలి లోతు బురదలో ట్రాక్టరు తిప్పిన మనిషికి మట్టిలో బండి జారితే భయమేముంటుంది? పాత బండి ఒకటి కొనుక్కుని, నా బోర్డు చూసి, పందేనికి తయారు చేసిపెట్టమని వచ్చింది. అన్నయ్యా అని పిలిచేది. నేను మొదటి రోజే ఒక రూలు పెట్టాను. తోలడం వరకే రైడర్ పని, స్పానర్లూ గాలి కొలిచే గేజూ మెకానిక్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు అన్నాను. చెన్నైలో మా టీమ్‌లో అలాగే ఉండేది. ఆమె అలాగేనండి అని తలూపింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా నా గేజ్ మీద చెయ్యి వేయలేదు.

బాపట్ల పందెం ఆమెకు మామూలు పందెం కాదు. కోయంబత్తూరు నుంచి ఒక టీమ్ మేనేజర్ ఆడ రైడర్‌ను వెతుక్కుంటూ వస్తున్నాడు. ఫైనల్లో మొదటి ముగ్గురిలో నిలిస్తే తమ దగ్గర ఏడాది పాటు శిక్షణకు తీసుకుంటామని ముందే ఫోన్ చేసి చెప్పాడు. ఆ కబురు విన్న దగ్గర్నుంచి పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదని యేసురత్నం గారు నాతో అన్నారు. మాట్లాడుతూ ఆయన కూడా గోళ్ళు గిల్లుకుంటూనే ఉన్నారు.

పందెం ఆదివారం నాడు పడింది. ఆరాధనకు వెళ్ళడం కుదరలేదని ఆయన పొద్దున్నే బండి పక్కన నిలబడి ప్రార్థన చేశారు. నేనూ చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాను. బిడ్డను కాపాడమని అడిగాక, ఈ బండిని సిద్ధం చేసిన చేతుల్ని కూడా దీవించు ప్రభువా అన్నారు. నా గురించి దేవుడి దగ్గర సిఫార్సు చేసినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

పొద్దున హీట్ నడిచింది. హీట్ అంటే ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పందెం. నేల ఎండిపోయి దుమ్ము రేగుతోంది. టైర్లలో పధ్నాలుగు పాయింట్లు పెట్టాను. కరుణ నాలుగో స్థానంలో వచ్చి ఫైనల్‌కు ఎక్కింది. మూడో వంపు దగ్గర ఒక గుంట పూడ్చడానికి నిర్వాహకులు కంకర పోసి ఉన్నారు. అక్కడ ఒకతని టైరు పంక్చరై హీట్‌లోనే ఆగిపోయాడు. దుమ్ముకు ఏమీ కనిపించడం లేదని చూడవచ్చిన జనం గోల చేశారు. దాంతో ఫైనల్‌కు ముందు ఒక గంట విరామం ఇచ్చి, ట్రాక్ మీద మట్టి గుల్లచేసే గొర్రు తోలించి, ట్యాంకర్‌తో నీళ్ళు కొట్టించారు.

ఆ విరామంలో కరుణ ట్రాక్ అంతా నడిచి వచ్చింది. నేను పిట్‌లో, అంటే బండ్లు సర్దుకునే చోట, గొలుసుకు నూనె పెడుతున్నాను. వెనక జనరేటర్ మోత.

“మూడో వంపు కాడ నేల మంచి పదునుగా ఉందండి అన్నయ్యా. దాన్ని చూసి గాలి పెట్టండి” అంది.

ఇంతలో రైడర్లందరినీ రమ్మని మైకులో పిలిచారు. హెల్మెట్ చంకన పెట్టుకుని పరిగెత్తింది.

మా ఇంట్లో పదును అనే మాటకు ఒకటే అర్థం. అది నాన్న కత్తెరకు ఉండేది. పోతే సాన పట్టించేవాళ్ళం. మూడో వంపు దగ్గర కంకర ఉందని తెలుసు, పొద్దున పంక్చర్ కూడా చూశాను. గొర్రు తోలేసరికి రాళ్ళ మొనలు పైకి తేలాయి కాబోలు, అదే చెబుతోంది అనుకున్నాను. నడిచి వెళ్ళి చూసి రావడం నాలుగు నిమిషాల పని. వెళ్ళలేదు. మట్టి తొక్కితే కొత్త బూట్లు పాడవుతాయని కూడా ఒక మూల అనిపించిన మాట నిజం. ఆ అమ్మాయి వచ్చేదాకా ఆగి అడగనూ లేదు. పంపు తీసి ముందు టైరుకు ఇరవై నాలుగు కొట్టాను. ముప్పై కొట్టి అలవాటైన చేతికి అది తక్కువగానే కనిపించింది.

ఫైనల్‌కు ఆలస్యమైపోయిందని ట్రాక్ అలవాటు కోసం తిరిగే ల్యాప్ తీసేశారు. బండి స్టార్టింగ్ గీత దాకా నేనే నెట్టుకెళ్ళి ఇచ్చాను. జెండా ఊపగానే పదిమంది ఒక్కసారి బయలుదేరారు. రెండో వంపు దాటేసరికి కరుణ మూడో స్థానంలో ఉంది. రిబ్బన్ అవతల టీమ్ మేనేజర్ కుర్చీలోంచి లేచి నిలబడటం నేను చూశాను. మూడో వంపులోకి ఆమె మిగతా అందరికంటే వేగంగా దిగింది. నేలను నమ్మి బండిని బాగా వంచింది. ముందు టైరు ఆ నేల మీద ఒక్క క్షణం కూడా ఆగలేదు, పక్కకు కొట్టుకుపోయింది. మా భాషలో దీన్ని వాష్ అవుట్ అంటారు. కుడి చెయ్యి కింద పడింది, దాని మీద ఆమె, ఆమె మీద బండి.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. వంపు దగ్గరికి చేరేసరికి నా బూట్లు మెత్తగా దిగబడ్డాయి. ఎక్కడా ఒక్క రాయి మొన కనిపించలేదు. గొర్రు తిరగేసిన మట్టి కింద ఆ కంకర ఎప్పుడో కప్పబడిపోయింది. కరుణను స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తున్నారు. నొప్పికి పళ్ళు బిగబట్టి ఉందే గానీ అరవలేదు. యేసురత్నం గారు కూతురు పడిన చోట వంగి గుప్పెడు మట్టి తీసి పిసికారు. అది ముద్దయింది. వేళ్ళు విప్పి కదిపితే పొడిపొడిగా రాలింది.

“ఇంత పదునుగా ఉన్న నేలండి మేస్త్రీగారూ. ఇప్పుడు గింజలేసినా మొలుస్తాయి. ఇక్కడెట్టా జారిందండి?”

“పదునంటే?” అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశారు. “తడి ఎక్కువా కాదు, తక్కువా కాదండి. నాగలికి సరిగ్గా లొంగేట్టు ఉండటం” అని చెప్పి స్ట్రెచర్ వెంట వెళ్ళిపోయారు.

నా తల కొట్టేసినట్టయింది. ఆ అమ్మాయి నాకు చెప్పింది రాళ్ళ సంగతి కాదు. నేల మెత్తగా, మంచి పట్టుతో ఉంది, గాలి తగ్గించు అని. నేను దానికి సరిగ్గా ఎదురు చేశాను. బిగిసిపోయిన టైరు ఆ మట్టిలో దిగబడకుండా పైపైనే జారిపోయింది.

తప్పు అంతవరకే అయితే ఇది రాయనక్కర్లేకపోయేది. మెకానిక్ అన్నాక పొరపాట్లు చేస్తాడు. ఆ తర్వాత చేసిన పనికే ఇప్పటికీ నాకు తలెత్తుకోబుద్ధి కాదు. బండిని పిట్‌కు తోసుకొచ్చాను. చుట్టూ ఎవరూ లేరు, అందరి కళ్ళూ ట్రాక్ మీదే ఉన్నాయి. గేజ్ పెడితే ఇరవై నాలుగు చూపించింది. స్క్రూటినీ ఆఫీసర్, అంటే బండ్లు రూల్సు ప్రకారం ఉన్నాయో లేదో చూసే పెద్దమనిషి, దూరం నుంచి ఇటే వస్తున్నాడు. నేను కింద కూర్చుని, వాల్వు మూత తిప్పి, సూదిని గోరుతో నొక్కాను. బుస్సుమని గాలి పోయింది. మళ్ళీ గేజ్ పెట్టాను. పధ్నాలుగుకు తెచ్చి మూత బిగించాను.

ఆయన వచ్చి బ్రేకులు చూశాడు, స్టీరింగ్ తిప్పాడు, టైర్లలో గాలి కొలిచాడు. బండిలో ఏ లోపమూ లేదన్నాడు. “అమ్మాయి భయపడి ముందు బ్రేకు పట్టేసినట్టుంది, ఏమంటారు?” అని నన్ను అడిగాడు.

“అయ్యుంటుందండి” అన్నాను.

ఆ ఒక్క మాట చాలింది. సాయంత్రానికి పిట్ అంతా అదే చెప్పుకున్నారు. ఆడపిల్ల కదా, మగవాళ్ళ మధ్య వేగం చూసి భయపడింది, బ్రేకు పట్టేసింది, వాళ్ళ మెకానిక్ కూడా అదే అన్నాడట. టీమ్ మేనేజర్ ఆసుపత్రికి వచ్చి త్వరగా కోలుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోన్ చేయలేదు. మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి ఎముకల్లో స్టీలు తీగలు వేశారు. నేను పళ్ళు తీసుకుని వెళ్ళాను, మంచం పక్కన స్టూలు మీద అరగంట కూర్చున్నాను. నిజం మాత్రం చెప్పలేదు. మా కోసం శ్రమపడ్డారంటూ యేసురత్నం గారు నాకు టీ తెప్పించారు. ఆ టీ తాగాను కూడా.

నాలుగు నెలల తర్వాత కరుణ బండిని వ్యాన్‌లో వేయించుకుని షాపుకు వచ్చింది. ఎవరికైనా అమ్మిపెట్టమంది. చెయ్యి నయమైంది కానీ మణికట్టు పూర్తిగా వెనక్కి వంగడం లేదు. అదొక్కటే అయితే తోలేదాన్నే అంది.

“ఎంత గుర్తు చేసుకున్నా బ్రేకు పట్టినట్టు నాకు గుర్తు రావడం లేదండి. కానీ బ్రేకే అయ్యుంటుందని మీరే అన్నారంట కదా. అంటే నాకు తెలియకుండానే నా చెయ్యి భయపడిందన్నమాట. అట్టాంటి చేత్తో ఏం తోలతానండి?”

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆ పక్కనే ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు, వాళ్ళ ముందు ఎలా అనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక ఆమె కూడా వెళ్ళిపోయింది. ఇది సాకు అని నాకు అప్పుడే తెలుసు. ఆ బండి మీద గుడ్డ కప్పి వెనక గదిలో పెట్టాను. కొంటామని వచ్చినవాళ్ళకు ఇంజన్ బాగాలేదనో, కాగితాలు లేవనో చెప్పి పంపేసేవాడిని. అమ్మే ధైర్యం లేదు, దాన్ని ఆమెకు తిరిగి ఇచ్చే ధైర్యం అంతకంటే లేదు.

రెండేళ్ళు గడిచాయి. 2024 వానాకాలం ముందు, రేపల్లెలో కొందరు కుర్రాళ్ళు మట్టి పందేలు నేర్చుకోవడానికి ఒక క్లబ్ పెట్టుకుని, తారు ట్రాక్‌కీ మట్టి ట్రాక్‌కీ తేడా గురించి చెప్పమని నన్ను పిలిచారు. వద్దనడానికి కారణం దొరకలేదు. కల్యాణ మండపం హాల్లో ముప్పైమంది దాకా కూర్చున్నారు. పైన మీకు చెప్పిందంతా వాళ్ళకు బ్రహ్మాండంగా చెప్పాను. టైరు గాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మధ్యలో ఆపి మంచినీళ్ళు అడిగాను.

చివర్లో డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచింది. “సార్, బాపట్లలో ఎవరో అమ్మాయి భయపడి ముందు బ్రేకు పట్టేసి చెయ్యి విరగ్గొట్టుకుందంట కదండి. మా నాన్న అది చెప్పే నన్ను బండి ఎక్కనివ్వట్లేదండి. నిజంగా ఆడపిల్లలకి అట్టా అవుద్దాండి?” అని అడిగింది.

నేను అనుకున్నది ఒక్క టైరు గురించి ఒక్క అబద్ధం. అది నా కంటే ముందే రేపల్లె చేరింది. నేను ముఖం కూడా ఎరగని ఒక అమ్మాయి దారికి అడ్డంగా కూర్చుని ఉంది. సిగ్గంటే ఏమిటో నాకు అంతకుముందు తెలియదని అప్పుడే తెలిసింది.

“అది బ్రేకు కాదమ్మా” అన్నాను.

మరేంటండి అని ముందు వరసలో ఎవరో అడిగారు. ఆ సంగతి ముందు చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకు చెప్పాక మీ దగ్గరికే వస్తాను అని చెప్పి, వాళ్ళు పెట్టిన భోజనానికి కూడా ఆగకుండా బయలుదేరాను. వేమూరు మీదుగా తెనాలి వచ్చి, షాపు ముందు నుంచే పోతూ కూడా ఆగలేదు. ఆగితే మళ్ళీ ఏదో పని దొరుకుతుందని నాకు తెలుసు. నేరుగా కొలకలూరు వెళ్ళాను.

కరుణ ఊరి చివర చేలో ట్రాక్టరుకు రోటావేటర్ తగిలించి దుక్కి చేస్తోంది. అప్పటికి సాయంత్రం నాలుగైంది. నన్ను చూసి ట్రాక్టరు ఆపి దిగింది. కుడి చేతిని ఎడమ చేత్తో రుద్దుకుంటూ గట్టు మీదికి వచ్చింది. బండి అమ్ముడైందా అన్నయ్యా అని అడిగింది. నేను గట్టు మీద నిలబడే మొత్తం చెప్పాను. పదును అంటే నేను ఏమనుకున్నానో, ఎంత కొట్టానో, తర్వాత గోరుతో ఎలా తీసేశానో, ఆఫీసర్‌తో ఏమన్నానో, ఏదీ వదల్లేదు.

“ఎంత పెట్టారన్నారు?” అంది.

“ఇరవై నాలుగు.”

“గీత మీద కూర్చోగానే ముందు టైరు బిగుసుకున్నట్టు అనిపించిందండి. మీరు పెట్టింది కదా అని ఊరుకున్నాను.” కుడి చేతిని తిప్పి చూసుకుంది. “అయితే నేను బ్రేకు పట్టలేదు.”

“లేదమ్మా.”

“రెండేళ్ళండి. ట్రాక్టరు గట్టు దింపేటప్పుడు కూడా ఈ చెయ్యి ఏం చేస్తదో అని నాన్నని పిలిచేదాన్ని.”

క్షమించమని అడగబోయాను. ఆమె మాట పూర్తి కానివ్వలేదు. “పదును తెలియకపోతే పోయిందండి, బజార్లో పెరిగారు. తెలిశాక గాలి తీశారు చూడండి” అని, ఆ మాట అక్కడే ఆపేసి, ముఖం తిప్పుకుంది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. చెయ్యి విరిగినప్పుడు కూడా ఏడవలేదు.

యేసురత్నం గారు మంచినీళ్ళ క్యాన్‌తో వచ్చారు. ఆయనకూ నేనే చెప్పాను. ఆయన కోప్పడతారని, తిడతారని, చెయ్యి చేసుకున్నా పడదామని సిద్ధపడే వెళ్ళాను. ఆయన క్యాన్ కింద పెట్టి, తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు.

“ఆ రోజు మీ చేతుల కోసం కూడా ప్రార్థన చేశానండి మేస్త్రీగారూ” అన్నారు.

క్యాన్‌లోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి నాకే ముందు ఇచ్చారు. ఆ గ్లాసు పట్టుకుని నిలబడటం కంటే చెంపదెబ్బ తినడం తేలిక.

మర్నాడు స్క్రూటినీ ఆఫీసర్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడెందుకండి అన్నాడు, కాసేపటికి మాత్రం నన్ను బాగా తిట్టాడు. వారం తిరక్కుండా రేపల్లె వెళ్ళి అదే హాల్లో అదే ముప్పైమంది ముందు చెప్పాను. ఆ డిగ్రీ అమ్మాయి వాళ్ళ నాన్నను కూడా తీసుకురమ్మన్నాను. ఆయన విని, మీలాంటి మెకానిక్‌ల దగ్గరికి మాత్రం పంపనండి అన్నాడు. న్యాయమే. ఆ పిల్ల ఇప్పుడు తోలుతోంది, వేరే మెకానిక్ దగ్గర. బోర్డు మీద ‘రేస్ ట్యూనింగ్’ అన్న అక్షరాల మీద రంగు పూయించాను. నేను తయారు చేయబోయే బండి ఏ నేల మీద తిరుగుతుందో ఆ నేల తొక్కకుండా ఇప్పుడు పంపు ముట్టుకోను. రైడర్ చెప్పిన మాట అర్థమైనట్టే ఉన్నా, అంటే ఏమిటండి అని ఇంకోసారి అడుగుతాను. కుర్రాళ్ళు నవ్వుతారు, పెద్దాయనకు చెవుడు వచ్చిందంటారు. అననిస్తాను.

ఆ ఏడాది దీపావళి వెళ్ళాక ఒక రోజు కరుణ షాపుకు వచ్చింది. వెనక గదిలోకి వెళ్ళి తానే ఆ గుడ్డ లాగేసి, బండి సర్వీసు చేయండి అంది. ఇంజన్ విప్పాను, గొలుసు మార్చాను, మణికట్టు పూర్తిగా వంగకపోయినా అందేలా హ్యాండిల్ బార్ సర్ది, లీవర్లు దగ్గరికి జరిపాను. నాకు తెలిసిన పనంతా చేశాను. చివరికి పంపు తీయబోతే ఆమె తన బ్యాగులోంచి కొత్త గేజ్ ఒకటి బయటికి తీసింది.

“గాలి నేను చూసుకుంటానండి అన్నయ్యా” అంది.

మొన్న ఫిబ్రవరిలో రేపల్లె పక్కన పందెం జరిగింది. కోయంబత్తూరు నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళు బాపట్ల పందెం జరిగిన ఏడాదే ఇంకొకరిని తీసుకున్నారు. ఆమెకు దక్కకుండా పోయిన ఆ శిక్షణ ఏడాదిని నేను తెచ్చి ఇవ్వలేను. కరుణ ఐదో స్థానంలో వచ్చింది. మట్టి కొట్టుకుపోయిన ముఖంతో హెల్మెట్ తీసి నవ్వింది, నా వైపు చూసి కాదు, వాళ్ళ నాన్న వైపు చూసి.

ఆ పందేనికి ముందు ఆమె ట్రాక్ అంతా నడిచి, గుప్పెడు మట్టి పిసికి చూసి వచ్చింది. వెనకే నేను కూడా నడిచి, అలాగే పిసికి చూశాను. నాకేమనిపించిందో ఆమె అడగలేదు. బండి ముందు గొంతుక్కూర్చుని, వాల్వు మూత తిప్పి, పక్కకు చూడకుండానే నా వైపు చాపింది. ఆమె గాలి చూసుకునేంతసేపూ ఆ మూతను అరచేతిలో గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు ప్రతి పందేనికీ నాకు ఆమె అప్పగించే పని అదొక్కటే.